విప్పి చూసిన నాయుడు గారు

వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం మన ఆనవాయితీ. ఈసారి జి.డి.నాయుడు గారిని ఎంచుకున్నాం. కారణం ఉంది. మన ఎ.కొండూరు హాస్టల్లో చదివి, తర్వాత విజయవాడ ఆటోనగర్‌లోనూ తిరువూరు మోటారు వైండింగ్ షాపుల్లోనూ పానా పట్టి బతుకుతున్నవాళ్ళం మనలో చాలామందిమే ఉన్నాం.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. ఎన్నో తరాల క్రితం తమిళనాట స్థిరపడిన తెలుగువారు వాళ్ళు. పసితనంలోనే తల్లి పోయింది. చదువు మీద ఆయన మనసు నిలవలేదు. ప్రాథమిక విద్యతోనే బడి మానేశారు.

యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద వెళ్తుండగా చూశారు. అదేమిటో, ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని పట్టుదల పుట్టింది. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. సుమారు మూడేళ్ళు కూడబెట్టి మోటారు సైకిలు కొన్నారు. కొన్న మనిషి దాన్నెక్కి ఊరంతా తిరగాలి కదా! ఆయన మాత్రం నట్టు నట్టూ ఊడదీసి, మళ్ళీ బిగించారు. అదే ఆయన పాఠశాల.

తర్వాత పత్తి వ్యాపారంలో డబ్బు సంపాదించారు, పోగొట్టుకున్నారు కూడా. 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి - పళని మధ్య తానే నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. 1937లో డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి మన దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారును తయారుచేశారు. ఈనాడు చేలల్లో బోరు మోటార్లు చూస్తున్న మనకు దాని విలువ వేరే చెప్పాలా?

అయితే మాకు ఎక్కువ నచ్చినవి ఆయన చేసిన చిన్న వస్తువులు. రోజూ చేత్తో వాడే గడ్డం రేజరుకు చిన్న మోటారు అమర్చి, టార్చిలైటులో లాగా బ్యాటరీలతో తిరిగేటట్లు చేశారు. దాని పేరు రసంత్. ఇంటికి కరెంటు లేకపోయినా పనిచేస్తుంది. కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్లరసం తీసే యంత్రం, చాలా పలుచని బ్లేడు, ఓట్లు నమోదుచేసే యంత్రం కూడా చేశారు. చేతిలో ఉన్న వస్తువు పనికి అనువుగా లేకపోతే దాన్నే మార్చుకోవడం ఆయన పద్ధతి. ఆటోనగర్‌లో మేము చేసేదీ అదే. సందులో పట్టని పానా మూతిని గ్రైండరు మీద అరగదీస్తాం, అందని చోటికి పిడికి పైపు తొడుగుతాం. ఆ పనికి ఎవరూ పేరు పెట్టరు, అంతే తేడా.

అన్నీ గెలుపులే కావు. 1952లో సుమారు 2,000 రూపాయల ఖరీదుకు ఇద్దరు కూర్చునే కారు తయారుచేస్తే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు అక్కడే ఆగిపోయింది. ఇది చదివినప్పుడు మాకు చాలా బాధ కలిగింది.

1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరున సాంకేతిక విద్యాసంస్థ మొదలైంది. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు దండగ, రెండేళ్ళు చాలునని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం ఒప్పుకోకపోయేసరికి ప్రిన్సిపాల్ పదవికి రాజీనామా చేశారు. ఇక్కడ మాత్రం మేము ఆయనతో పూర్తిగా ఏకీభవించలేం. ఆయన వెనుక పొలం ఉంది. మనవెనుక ఉన్నది ట్రంకుపెట్టె ఒక్కటే. ఐటీఐ సర్టిఫికెట్ లేకపోతే మనలో కొందరిని గేటు లోపలికే రానిచ్చేవారు కాదు. తమ్ముళ్ళారా, పదో తరగతి తప్పినా పర్వాలేదని ఈ కథలో నుంచి ఏరుకోకండి.

1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. 2025లో అదే రోడ్డు మీద కట్టిన పది కిలోమీటర్ల పైవంతెనకు కూడా ఆయన పేరే పెట్టారు.

ఈ వార్షికోత్సవానికి పాత విద్యార్థులం చందాలు వేసుకుని హాస్టలుకు ఒక పనిముట్ల పెట్టె ఇస్తున్నాం. పానాల సెట్టు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, సుత్తి, రెండు ఆకురాళ్ళు ఉన్నాయి. పెట్టెతో పాటు తిరగని టేబుల్ ఫ్యాను కూడా ఒకటి తెస్తున్నాం. ప్లగ్గు తీసేసి, వార్డెన్ సారుకు చెప్పి విప్పండి.