మోటారు సైకిళ్ళ ముఠాతో ఏడాదికాలం

1965వ సంవత్సరం వసంతకాలం. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో పార్నాసస్ వీధిలో ఒక అద్దె ఇంట్లో ఇరవయ్యేడేళ్ళ రచయిత ఒకడు భార్యతోనూ, ఏడాది నిండిన కొడుకుతోనూ కాపురం వుంటున్నాడు. కాపురమంటే పేరుకే. అంతకు ముందు రాస్తూ వచ్చిన వారపత్రికతో తగవు పడి బయటికొచ్చేశాడు. చేతిలో పని లేదు. తెల్లవారుఝామునే లేచి దినకూలి కోసం తాగుబోతుల మధ్య వరసలో నిలబడ్డ రోజులున్నాయని తరవాత తనే చెప్పుకున్నాడు. అలాంటి సమయంలో 'ది నేషన్' పత్రిక సంపాదకుడు కేరీ మెక్‌విలియమ్స్ దగ్గర్నుంచి కబురొచ్చింది. కాలిఫోర్నియాలో మోటారు సైకిళ్ళ మీద తిరిగే ముఠాల గురించి వ్యాసం రాస్తే నూరు డాలర్లు ఇస్తామని. నూరు డాలర్లంటే దాదాపు ఇంటి అద్దె. ఒప్పేసుకున్నాడు.

ఆ రచయిత పేరు హంటర్ థాంప్సన్. ఇంగ్లీషు సాహిత్యం చదివే మిత్రులకి ఈ పేరు కొత్త కాదు. నల్లకళ్ళద్దాలు, నోట్లో సిగరెట్టు హోల్డరు, చేతిలో సీసా వున్న బొమ్మ చూసి, ఈయన ఒక పెద్ద తాగుబోతు, మాదకద్రవ్యాల మనిషి అని అనుకునేవాళ్ళే ఎక్కువ. ఆ మాట అబద్ధం కాదు. కాని ఆ బొమ్మ తయారవకముందు ఆయన చేసిన పని ఒకటుంది. నేను చెప్పదలచుకున్నది దాని సంగతి.

థాంప్సన్ 1937 జూలై 18న కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ పట్నంలో పుట్టాడు. తండ్రి బీమా కంపెనీలకి నష్టాలు లెక్కగట్టే ఉద్యోగి. 1952లో, కొడుక్కి పదిహేనేళ్ళు నిండకముందే కన్ను మూశాడు. తల్లి గ్రంథాలయంలో పనిచేసి ముగ్గురు మగపిల్లల్ని పెంచింది, తాగుడుకి కూడా అలవాటుపడింది. కుర్రవాడికి చదువుమీద, ముఖ్యంగా సాహిత్యంమీద ఇష్టం. బడిలో పెద్దింటి పిల్లలుండే సాహితీ సంఘంలో సభ్యత్వం కూడా సంపాదించాడు. 1955లో ఒక దోపిడీ కేసులో స్నేహితులతో పాటు దొరికిపోయాడు. పలుకుబడి వున్న తండ్రుల పిల్లలు బయటపడ్డారు. తండ్రి లేనివాడికి అరవై రోజుల జైలు పడింది. సగం రోజులకే వదిలిపెట్టారు గాని, ఆఖరి పరీక్షలు పోయాయి, పట్టా పోయింది. అక్కణ్ణుంచి నేరుగా వైమానిక దళంలో చేరాడు.

ఈ సంఘటన మీద జీవితచరిత్రకారులు చాలా రాశారు. నాకు తోచిందేమిటంటే, పోలీసు కాగితం మీద ఒక మనిషి పేరు ఎలా ఎక్కుతుందో, పక్కవాడి పేరు ఎలా ఎక్కకుండా పోతుందో థాంప్సన్‌కి పద్దెనిమిదో ఏటే అనుభవంలోకి వచ్చింది. పదేళ్ళ తరవాత ఒక సర్కారు నివేదిక చేతికొచ్చినప్పుడు దాన్ని అనుమానంగా చదివాడంటే ఆశ్చర్యమేముంది?

మధ్యలో పదేళ్ళు క్లుప్తంగా చెప్పేస్తాను. ఫ్లోరిడాలో వైమానిక స్థావరం పత్రికకి ఆటల వార్తలు రాశాడు. న్యూయార్కులో 'టైమ్' పత్రికలో చిన్న ఉద్యోగం చేస్తూ ఫిట్జెరాల్డ్, హెమింగ్వే నవలల్ని టైపు మిషను మీద మళ్ళీ మొదట్నుంచీ కొట్టేవాడు. గొప్ప వాక్యం రాస్తుంటే చేతికెలా వుంటుందో తెలుసుకోడానికట! లెక్కల పుస్తకంలో చేసిన లెక్కనే మళ్ళీ చేసినట్టు. అక్కడా ఉద్యోగం పోయింది. తరవాతి ఉద్యోగం ఆఫీసులో మిఠాయిల యంత్రాన్ని పాడుచేసినందుకు పోయింది. ప్యుయెర్టో రికో వెళ్ళాడు, దక్షిణ అమెరికా తిరిగి వార్తలు పంపాడు, 1963లో పెళ్ళి చేసుకున్నాడు.

ఇప్పుడు ముఠా సంగతి. హెల్స్ ఏంజెల్స్, అంటే నరకలోకపు దేవదూతలు, 1948లో దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టిన గుంపు. యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకి తిరిగొచ్చిన రోజులవి. పద్ధతిగా ఉద్యోగం చేసుకుని బతకడం అందరికీ చేతకాలేదు, అందరికీ ఉద్యోగాలూ లేవు. 1947లో హాలిస్టర్ అనే చిన్న ఊళ్ళో మోటారు సైకిళ్ళవాళ్ళు చేసిన అల్లరిని పత్రికలు పెద్దది చేశాయి. దాని మీద మార్లన్ బ్రాండోతో 1953లో సినిమా కూడా వచ్చింది. బండ్లవాళ్ళలో నూటికి తొంభైతొమ్మిది మంది మంచివాళ్ళేనని మోటారు సైకిళ్ళ సంఘం ప్రకటించిందనీ, ఆ మిగిలిన ఒక్క శాతం మేమేనని ముఠాలు బిళ్ళ కుట్టించుకున్నాయనీ ఒక కథ. అలా ప్రకటించినట్టు తమ దగ్గర దాఖలా లేదని ఆ సంఘం తరవాత చెప్పింది. బిళ్ళ మాత్రం నిలిచింది.

వాళ్ళ బండ్లు హార్లీ డేవిడ్‌సన్లు. మన బుల్లెట్టు 350 సి.సి. అయితే అవి 1200 సి.సి. ముందు బ్రేకు, మడ్‌గార్డు, అనవసరమనుకున్న ప్రతి ఇనుప ముక్కా పీకేసి, హ్యాండిలు ఎత్తు చేసి, బరువు తగ్గించి నడిపేవాళ్ళు. ఓక్లాండు శాఖకి నాయకుడు సన్నీ బార్జర్. థాంప్సన్ కంటే ఏడాది చిన్నవాడు, తక్కువ మాట్లాడేవాడు, అందరూ మాట వినేవాడు.

1964 సెప్టెంబరులో మాంటెరే దగ్గర ఇద్దరు బాలికల మీద అత్యాచారం చేశారని నలుగురు ముఠా సభ్యుల్ని అరెస్టు చేశారు. సాక్ష్యం చాలక తరవాత కేసు కొట్టేశారు. కాని దాని వల్ల పుట్టిన గోల మీద రాష్ట్ర అటార్నీ జనరల్ థామస్ లించ్ 1965 మార్చిలో ఒక నివేదిక విడుదల చేశాడు. దేశంలో పెద్ద పత్రికలన్నీ దాన్ని ఎత్తి రాసేశాయి. థాంప్సన్ అభియోగమేమిటంటే, రాసినవాళ్ళలో ముఠావాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడే కష్టం పడ్డవాళ్ళు లేరని.

మా ఊళ్ళో ఒకసారి తుఫానుకి వరి పడిపోతే నష్టం రాసుకోడానికి ఒక అధికారి వచ్చాడు. రోడ్డు మీద జీపు ఆపి, దిగకుండానే ఎకరాలు లెక్కేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన లెక్క మరీ తప్పేం కాదు. కాని నీళ్ళలో నానుతున్న కంకి మొలకెత్తిందో లేదో జీపులోంచి కనిపించదు. దానికి చెప్పులు విప్పి బురదలో దిగాలి.

థాంప్సన్ దిగాడు. ఒకప్పుడు ముఠాలో వుండి, తరవాత పత్రికా విలేఖరి అయిన ఒకతను పరిచయం చేయగా, ఒక పాడుబడ్డ హోటలు సారాకొట్లో వాళ్ళని కలిశాడు. ఆ రాత్రే కొందర్ని ఇంటికి కూడా తీసుకొచ్చాడు. ఆ ఇల్లాలి ప్రాణం ఎలా కొట్టుకుందో ఊహించుకోవచ్చు. మే 17 సంచికలో వ్యాసం వచ్చింది. వెంటనే ప్రచురణకర్తలు పుస్తకం రాయమని వెంటపడ్డారు. బయానాగా వచ్చిన డబ్బుతో ఆయన మోటారు సైకిలు కొన్నాడు. అది కూడా హార్లీ కాదు, ఇంగ్లండులో తయారైన బి.ఎస్.ఎ. 650. ముఠావాళ్ళు వెక్కిరించారు. ఆ వెక్కిరింత ఆయనకి లాభించిందనే అనుకుంటాను. తాను వాళ్ళలో ఒకణ్ణని నటించలేదు, రాయడానికే వచ్చానని మొదటే చెప్పాడు. వేషం మార్చుకుని లోపలికి దూరిన విలేఖరి కాదు.

దాదాపు ఏడాది పాటు వాళ్ళతో తిరిగాడు, తాగాడు, టేపు రికార్డరు పట్టుకుని మాట్లాడించాడు. 1965 జూలై 4న కొండల్లో బాస్ లేక్ అనే సరస్సు దగ్గర ముఠా విడిది చేసింది. బీరు కొనడానికి థాంప్సన్ కారులో బజారుకి వెళ్తే ఊరి జనం కర్రలతో చుట్టుముట్టారు. వాళ్ళ దృష్టిలో అతనూ ముఠా మనిషే. విలేఖరినని చెప్పుకున్నా వినేవాడు లేడు. జనం భయాన్ని అవతలి వైపు నుంచి చూసే అవకాశం జీపులో కూర్చున్నవాడికి రాదు.

ఆయన చూసిందేమిటి? ముఠావాళ్ళలో ఎక్కువమంది పెద్దగా చదువు లేనివాళ్ళు, పనీ పాటా నిలకడగా లేనివాళ్ళు. యంత్రాలు పెరిగిపోయిన ఆర్థిక వ్యవస్థలో తమకి చోటు లేదని లోలోపల తెలిసినవాళ్ళు. ఆ కసి తీర్చుకోడానికి బండి, గుంపు, కొట్లాట. వాళ్ళని వీరులుగా చిత్రించిన కుర్రకారు మేధావుల్నీ ఆయన క్షమించలేదు. 1965 అక్టోబరులో బెర్క్‌లీ విద్యార్థులు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తే ఇదే ఏంజెల్స్ వాళ్ళ మీద పడి కొట్టారు. వ్యవస్థని ఎదిరించేవాళ్ళందరూ ఒకటేనని భ్రమపడ్డ విద్యార్థులు తెల్లబోయారు. బార్జర్ అయితే వియత్నాంలో పోరాడటానికి మమ్మల్ని పంపండని ప్రెసిడెంటు జాన్సన్‌కి తంతి కొట్టాడు!

వేడినీళ్ళలో థర్మామీటరు పెడితే ఆ నీళ్ళ వేడిలో కొంత థర్మామీటరే లాగేస్తుందని మనం ఫిజిక్సు ప్రాక్టికల్సులో నేర్చుకుంటాం. కొలిచేవాడు కొలిచేదాన్ని మారుస్తాడు. పత్రికల పుణ్యమా అని ఏంజెల్స్‌కి పేరొచ్చింది. ఫొటోలకి డబ్బు అడగడం, కెమెరా ముందు వేషాలు వెయ్యడం నేర్చుకున్నారు. అంతకంటే పెద్ద సంగతి, నవలా రచయిత కెన్ కీసీకి వాళ్ళని పరిచయం చేసింది థాంప్సనే. 1965 ఆగస్టులో లా హోండాలోని కీసీ ఇంట్లో వాళ్ళకి పెద్ద విందు జరిగింది. ఎల్.ఎస్.డి. పంచారు. ఆ రాత్రి అక్కడ ఒక స్త్రీ మీద ముఠావాళ్ళు గుంపుగా పడ్డారు. థాంప్సన్ చూశాడు. అడ్డుపడలేదు. పుస్తకంలో రాశాడు, అదీ తేల్చీ తేల్చకుండా రాశాడు.

ఈ పుస్తకాన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఈ పేజీ దాటేసి ముందుకు పోతారు. నేను పోలేకపోయాను. మాంటెరే కేసులో పత్రికలు అతి చేశాయని వాదించిన మనిషి కళ్ళముందే అది జరిగింది. నివేదిక అతిశయోక్తి అన్నమాట నిజమే కావచ్చు, ముఠా క్రూరత్వమూ అంత నిజమే. బురదలో దిగినవాడికి రెండూ కనిపించాయి. కాని చూడటానికి అనుమతి తెచ్చుకున్నవాడు చెయ్యి అడ్డం పెడితే మర్నాటినించి చూడనివ్వరు. ఆ రాత్రి ఆయన మౌనానికి భయం కారణమో, పుస్తకం కారణమో నాకు తెలీదు. ఏదైనా ఆ స్త్రీకి ఒకటే.

1966 సెప్టెంబరు మొదటివారం. పుస్తకం దాదాపు పూర్తయింది. ముఠాతో ఆఖరి విడిదికి వెళ్ళాడు. అక్కడ ఉన్నట్టుండి నలుగురైదుగురు కలిసి ఆయన్ని కిందపడేసి బూటుకాళ్ళతో తన్నారు. ఒకడు పెద్ద రాయెత్తాడు. టైనీ, అంటే చిన్నోడు, అని పిలిచే ఒక భారీ మనిషి అడ్డుపడబట్టి బతికాడు. రక్తం కారుతున్న ముఖంతో తనే కారు నడుపుకుంటూ ఆసుపత్రికి పోయాడు. పుస్తకం చివర ఇది రాశాడు గాని, ఎందుకు కొట్టారో సరిగ్గా చెప్పలేదు. కారణం 1967లో కెనడా టెలివిజన్‌లో బయటపడింది. ముఠా సభ్యుడొకడు స్టూడియోలోకి మోటారు సైకిలు మీదే వచ్చి, థాంప్సన్ ఎదురుగా కూర్చుని చెప్పాడు. తమవాడొకడు పెళ్ళాన్నీ, కుక్కనీ కొడుతుంటే థాంప్సన్ కలగజేసుకుని, పెళ్ళాన్నీ కుక్కనీ కొట్టేవాడు చవట అన్నాడట. అందుకు తన్నారట. పెళ్ళాన్ని కొట్టడం గురించి ఆ సభ్యుడు హాస్యంగా మాట్లాడితే స్టూడియోలో ప్రేక్షకులు నవ్వారు కూడా.

లా హోండాకీ ఈ తన్నులకీ మధ్య పదమూడు నెలలు. ఆ మాట అనడానికి ఆయనకి అంత కాలం పట్టింది.

పుస్తకం 1967 మొదట్లో ర్యాండమ్ హౌస్ ప్రచురించింది. బాగా అమ్ముడుపోయింది. దరిమిలా ఆయన జీవితం వేరే దారి పట్టింది. కొలరాడోలో ఆస్పెన్ దగ్గర వుడీ క్రీక్‌లో స్థిరపడ్డాడు. 1970లో అక్కడ షెరీఫ్ పదవికి పోటీచేసి కొద్దిలో ఓడాడు. ఎదుటివాడు పొట్టిగా క్రాపు కత్తిరించుకున్నవాడు. తను గుండు కొట్టించుకుని, అతణ్ణి జులపాల అభ్యర్థి అంటూ వెక్కిరించాడు. ఆ యేడే కెంటకీ గుర్రప్పందాల మీద రాసిన వ్యాసంతో, రాసేవాడే కథకి నాయకుడయ్యే గాంజో పద్ధతి మొదలైంది. తరవాత లాస్ వేగాస్ పుస్తకం, 1972 ఎన్నికల పుస్తకం వచ్చాయి. అవి ఎక్కువ పేరు తెచ్చాయి. నా మట్టుకు నాకు ఏంజెల్స్ పుస్తకమే ఇష్టం, అందులో ఆయన ఇంకా ఇతరుల్ని చూస్తున్నాడు. ఆ తరవాత జనం ఆయన్ని చూడటం మొదలుపెట్టారు.

ముఠా మాత్రం ఆగలేదు. 1969 డిసెంబరు 6న ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీకి కాపలాగా పెట్టిన ఏంజెల్స్ చేతిలో పద్దెనిమిదేళ్ళ నల్లజాతి యువకుడు కత్తిపోట్లకి చచ్చిపోయాడు. పొడిచినవాడు ఆత్మరక్షణ కింద నిర్దోషిగా బయటపడ్డాడు.

2005 ఫిబ్రవరి 20న, అరవైయేడేళ్ళ వయస్సులో, కొడుకు కుటుంబంతో సహా ఇంట్లో వుండగానే థాంప్సన్ తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఆగస్టులో ఆయన చితాభస్మాన్ని 153 అడుగుల స్తంభం మీద ఫిరంగిలో పెట్టి ఆకాశంలోకి పేల్చారు. ఖర్చు నటుడు జానీ డెప్ పెట్టుకున్నాడు.

సన్నీ బార్జర్ 2022 దాకా బతికాడు. 2000లో ఆత్మకథ రాస్తూ థాంప్సన్ వట్టి పిరికివాడని తీసిపారేశాడు. తమ మధ్య ఏడాది తిరిగి పుస్తకం రాసుకున్నందుకు ప్రతిఫలంగా ముఠాకి బీరు పీపాలు ఇస్తానని థాంప్సన్ మాటిచ్చాడట. ఆ పీపాలు తమకి చేరనేలేదని ఏంజెల్స్ చివరిదాకా ఫిర్యాదు చేస్తూనే వున్నారు.