చక్రాల కుర్చీలో డాక్టరమ్మ – మేరీ వర్గీస్ గారు

మద్రాసు సెంట్రల్‌లో రైలెక్కి, కాట్పాడిలో దిగి, వేలూరు ఆసుపత్రికి వెళ్లివచ్చిన కుటుంబాలు మన సంఘములలో ఎన్నో. పెద్దలకు మేరీ వర్గీస్ గారి పేరు తెలుసు. పిల్లలకు తెలియదు గనుక వ్రాస్తున్నాము.

ఆమె 1925లో కొచ్చి ప్రాంతములో సిరియన్ క్రైస్తవ కుటుంబములో జన్మించారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి డాక్టరైనారు. స్త్రీల వైద్యము చేయాలని ఆమె కోరిక. 1954 జనవరిలో తోటివారితో విహారానికి వెళ్తుండగా వ్యాను బోల్తాపడింది. ముఖమునకు పెద్ద గాయమైంది. వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింద శరీరము చచ్చుబడింది. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు నిండలేదు.

ఇక ఈమె చేయగల పని ఏమిటని అందరూ జాలిపడుతున్న రోజులలో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఒక త్రోవ చూపారు. కుష్ఠు వలన వంకరపోయిన చేతివ్రేళ్లను సరిచేసే ఆపరేషను కూర్చుని చేయవచ్చు. ఆమె నేర్చుకున్నారు, చేశారు. అందరూ దూరముగా ఉంచిన రోగులకు, కదలలేని ఈ డాక్టరమ్మే దగ్గరైనారు.

ఆమె అంతటితో ఆగలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లోనూ, తరువాత న్యూయార్కులో డాక్టర్ హోవర్డ్ రస్క్ గారి సంస్థలోనూ పునరావాస వైద్యము అభ్యసించి వేలూరుకే తిరిగి వచ్చారు. 1966లో అక్కడ రోగులను ఉంచుకొని శిక్షణనిచ్చే పునరావాస కేంద్రము ప్రారంభమైంది. మంచము మీదనుండి కుర్చీలోకి జరగడము, పడకపుండ్లు రాకుండా చూచుకోవడము, చేతిపని నేర్చి ఇంటికి సంపాదించి పెట్టడము, ఇవన్నీ అక్కడ వైద్యములో భాగమే. ప్రాణము దక్కింది గదా అని రోగిని ఇంటికి పంపివేస్తే చికిత్స ముగిసినట్లు కాదని ఆమె తన బ్రతుకులోనే గ్రహించారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986 డిసెంబరులో కన్నుమూశారు.

పోలియో విషయములో ఆమె గ్రహించిన సంగతి మరీ నిజము. మన దేశములో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వలన వచ్చిన చివరి కేసు 2011లో కనబడింది. కానీ బాల్యములో పోలియో సోకి, కాలిపర్లు తొడుక్కొని, చదివి, ఉద్యోగాలు చేసినవారు మన మధ్య ఉన్నారు. వారిలో కొందరికి 15 నుండి 40 ఏళ్ల తరువాత క్రొత్తగా నీరసము, కండరాల నొప్పి, మంచి కాలిలో కూడా బలహీనత వస్తాయి. దీనిని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఫ్రాన్సు వైద్యులు 1875లోనే ఇటువంటి రోగిని గూర్చి వ్రాశారు గాని, పరిశోధకులు గట్టిగా పట్టించుకున్నది 1980ల నుండే.

కారణముగా ఎక్కువమంది చెప్పేది ఇది. వైరస్ వెన్నుపాములోని కొన్ని నరకణాలను చంపుతుంది. మిగిలినవి క్రొత్త కొమ్మలు వేసి, దిక్కులేని కండరాలను కూడా నడిపిస్తాయి. అందువలననే బిడ్డ కొంత కోలుకుంటాడు. అయితే ఆ కణాలు దశాబ్దాలపాటు అధిక భారము మోసి, చివరకు అలసి ఆ కొమ్మలను వదిలివేస్తాయి. బద్ధకమనో వయసనో ఇంటివారు తీసిపారేయడము అన్యాయము. బాగా నడువు, బలము వస్తుందని తొందరపెట్టడము కొన్నిసార్లు కీడే చేస్తుంది. నయముచేసే మందు ఇంకా లేదు. పని మధ్యలో విశ్రాంతి, అలసట రాకుండా కొలతగా వ్యాయామము, సరిపడే కాలిపర్లు మేలు చేస్తాయి. అవసరమైతే సిగ్గుపడకుండా చక్రాల కుర్చీ వాడవచ్చు. ఇటువంటివారు ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా చిన్ననాటి పోలియో సంగతి ముందే చెప్పాలి. మత్తుమందు ఇచ్చి చేసే ఆపరేషను అయితే తప్పక చెప్పాలి.