మన్రో దొర గొలుసు

మాది ధర్మవరం దగ్గర పల్లె. నాయన శెనక్కాయ రైతు. నేను చదివేది కంప్యూటర్ సైన్సు. సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు సర్ థామస్ మన్రో గుర్తుకొచ్చాడు. మా ల్యాబుకూ ఆయనకూ ఏం సంబంధమని నవ్వకండి, చెప్తాను.

ఒకే కమాండును వందల ఫైళ్ల మీద ఏకకాలంలో నడపడం, ఒకచోట కూచొని ముప్పై మిషన్లకు ఒకే ఆజ్ఞ పంపడం మాకు నేర్పుతారు. ఒకనాడు నేను కొట్టిన కమాండులో ఒక ఖాళీ ఎక్కువ పడింది. ముప్పై మిషన్లలోనూ ఒక్క క్షణంలో అందరి ప్రాక్టికల్ ఫైళ్లూ పోయినాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత మన్రో చరిత్ర చదివితే ఇదే కథ ఎంతో పెద్దగా కనిపించింది.

మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టి, 1780లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. బారామహల్లో రీడ్ దొర కింద భూమి పన్ను పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం మన సీమను కంపెనీకి ఇచ్చేయగా, ఆ దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చాడు. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం అన్నీ అందులోవే. సాయానికి నలుగురు అసిస్టెంట్లు. పాళెగాళ్ల తిరుగుబాట్లు ఒక పక్క, కరువు ఒక పక్క. చాలాకాలం ఆయన కాపురం డేరాల్లోనే.

1802లో ప్రతి చేనూ కొలిపించడం మొదలుపెట్టాడు. అప్పటికి కొలత తెలిసిన గుమాస్తాలు నలుగురే! ఆ నలుగురితో మొదలై సర్వేయర్లు నూరు మంది అయినారు. జట్లు జట్లుగా విడిపోయి వేర్వేరు ఊళ్లలో ఒకేసారి కొలిచారు. ఒకరి పని ఇంకొకరి కోసం ఆగదు. కానీ గొలుసు మాత్రం అందరికీ ఒకటే, 33 అడుగులది. ఆ గొలుసు చదరాలు నలభై అయితే ఎకరా. ఇప్పటికీ పక్కనున్న కర్ణాటకలో గుంట అనేది ఇదే. తలా ఒక గొలుసు పట్టుకొని ఉంటే ఆ లెక్కలు ఎట్లా కలుస్తాయి?

పని వచ్చినాక సర్వేయర్లకు ఎకరాల లెక్కన కూలి ఇచ్చారు. కూలి ఎకరానికైతే తొందర తప్పదు కదా! అందుకే తిరిగి కొలిచి చూసేవాళ్లకు నెల జీతం పెట్టాడు. మా ల్యాబులో ఆ రోజు లేనిది అదే. వెనకాలే మదింపుదారులు వచ్చి, పటేలు, కరణం, రైతుల ఎదుట నేలను తరగతులుగా విడదీశారు. 1807లో ఆయన సీమ విడిచేలోగా ఈ పనంతా పూర్తయింది.

కొలత సరిగానే ఉంది. రేటే ఎక్కువ. పంటలో ఇంచుమించు నూటికి 45 వంతులు సర్కారుకే! ఒక ఊళ్లో తప్పయితే ఆ ఊరే ఏడ్చేది. ఇది అన్ని ఊళ్లకూ ఒకేసారి పడింది. మా తాతల తాతలు ఏం తిన్నారో తలచుకుంటే నాకు కోపమే వస్తుంది. అయితే తప్పు గుర్తించినవాడూ ఆయనే. పన్నులో నాలుగో వంతు తగ్గించమని 1807లో పైవాళ్లకు రాశాడు. వాళ్లు వినలేదు. రైతువారీ తీసేసి ఊళ్లను గుత్తకిచ్చారు. మొదట మూడేళ్లకు, ఆపైన పదేళ్లకు. గుత్తదార్లు చాలామంది దివాలా తీశారు.

1814లో తిరిగొచ్చిన మన్రో 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. అప్పుడుగానీ ఆ తగ్గింపు రైతుకు అందలేదు. పదమూడేళ్లు! నేను పోగొట్టిన ఫైళ్లు మూడు రోజుల్లో తిరిగి రాసుకున్నాం.

సీమను చివరిసారి చూసిపోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత అస్థికలు మద్రాసుకు తీసుకుపోయారు. ఆయన తర్వాత మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.