పాల్కురికి సోమనాథుడు – చేతిపనుల భక్తులు

నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథ మహాకవి గ్రామము. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. ఆయన మొదటి ప్రతాపరుద్రుని కాలమువాడని కొందరును, రెండవ ప్రతాపరుద్రుని కాలమువాడని కొందరును వాదించిరి. ఆ వివాదమట్లుండ, కాకతీయుల యేలుబడిలోనివాడనుట అందఱికిని సమ్మతమే.

సోమనాథుడు సంస్కృతాంధ్ర కర్ణాటములయందు ప్రవీణుడు. అట్టివాడు రాజులను వర్ణింపక, వీరశైవమును చేపట్టి, శివభక్తుల చరితములకే గంటమును వినియోగించెను. వృత్తములను కాదని, పదిమంది కూడి పాడుకొనదగిన ద్విపదలో బసవపురాణము రచించెను. పండితులు ద్విపదను చిన్నచూపు చూచుటయు ఆయనకు తెలియనిది కాదు.

ఆ కావ్యమున బసవేశ్వరునితోపాటు సారె ద్రిప్పు కుమ్మరి, మగ్గమున గూర్చున్న నేతగాడు, రేవున బట్టలుదుకు చాకలి కథానాయకులైరి. కుమ్మరి గుండయ్య కథ చూడుడు. కుండ సరిగా కాలినదో లేదో వ్రేలితో మీటి, నాదమునుబట్టి తెలిసికొనుట కుమ్మరుల వాడుక. గుండయ్యకు ఆ కుండలే వాద్యములు. వానిని వాయించుచు ఆతడు నాట్యమాడగా, శివుడును వచ్చి ఆతనితో గూడి ఆడెనట! భక్తుడు పని విడిచి అడవికి పోలేదు. తాను చేసిన కుండతోనే దేవుని మెప్పించెను. ఈ జనగామ సీమలోనే పెంబర్తి పనివారు ఇత్తడిరేకుపై నగిషీ తీర్చుచుండగా చూచినవారికి గుండయ్య తన్మయత్వము వింతగా తోపదు.

నేతగాడు దేడర దాసయ్య తాను నేసిన వస్త్రమును మాఱువేషమున వచ్చిన శివునకిచ్చి, తరుగని ధాన్యమును పడసెను. మడివాలు మాచయ్య శివభక్తుల బట్టలు దక్క అన్యుల బట్టలుదుకనివాడు. బిజ్జలరాజు బలమునకును జంకలేదు. చోళరాజు నైవేద్యముండగా శివుడు మాదర చెన్నయ్య యింటి అంబలి ఆరగించెననుట అన్నిటికన్న సాహసమైన కథ. రాజులు పాలించు నాడే రాజునకన్న అంటరానివాడు మిన్నయని వ్రాయుట సామాన్యము కాదు.

పిమ్మట రచించిన పండితారాధ్యచరిత్రలో, శ్రీశైలయాత్రను వర్ణించు పర్వతప్రకరణమున, తోలుబొమ్మలాడించువారిని సైతము ఆయన మఱవలేదు. నాటి జానపదకళలను తెలియగోరువారికి ఆ ప్రకరణము పెన్నిధి.

తరువాతి కాలమున పిడుపర్తి సోమనాథుడు బసవపురాణమును పద్యప్రబంధముగా మార్చెను. అంతకుమున్నే, 1369లో, భీమకవి దానిని కన్నడమున షట్పదులలో వ్రాసెను. కన్నడసీమనుండి వచ్చిన గుండయ్య, దాసయ్య, మాచయ్యల కథలు పాలకుర్తి కవి మాటలలో పెరిగి, మరల కన్నడసీమకే చేరినవి.