సైన్సును ఉర్దూలో అచ్చు వేయించిన పాయ్‌గా నవాబు

సైదాబాద్ నుంచి సంతోష్‌నగర్ వైపు వెళ్తే పిసల్‌బండలో పాయ్‌గా సమాధులు వస్తాయి. సున్నపు నగిషీలు, పాలరాతి జాలీలు చూసి ఫొటోలు తీసుకునేవాళ్లు చాలామందే. కానీ పాయ్‌గా నవాబుల్లో ఫఖ్రుద్దీన్ ఖాన్ ఎవరంటే చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఈయన చదువు కోసం డబ్బు ఖర్చు చేసిన అమీర్.

పాయ్‌గా ఖాందాన్ తమ వంశం బాబా ఫరీద్ ద్వారా హజ్రత్ ఉమర్ (రజి.) వరకు వెళ్తుందని చెప్పుకునేది. ఫఖ్రుద్దీన్ తండ్రి అబుల్ ఫతహ్ ఖాన్ తేగ్ జంగ్ రెండో నిజాం కొలువులో పెద్ద సేనాని. షంసుల్ ఉమ్రా, అంటే అమీర్లలో సూర్యుడు అనే బిరుదు ఆయనకు దక్కింది. 1780 ప్రాంతంలో పుట్టిన ఫఖ్రుద్దీన్ చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు. తర్వాత నిజాం అలీ ఖాన్ తన కూతురు బషీరున్నిసా బేగంను ఆయనకిచ్చి నికాహ్ చేశారు. జాగీర్లు, సొంత ఫౌజు, నిజాం ఇంటి అల్లుడి హోదా, అన్నీ ఉన్నాయి. హాయిగా కూర్చుని బతకొచ్చు. ఆయన అలా కూర్చోలేదు.

అప్పట్లో దర్బారు భాష ఫార్సీ. యూరప్ కొత్త సైన్సు ఇంగ్లీషు లాంటి యూరప్ భాషల్లో ఉండేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లాడికి అది అందేది కాదు. ఫఖ్రుద్దీన్ ఖాన్ అనువాదకులను పెట్టుకుని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి మార్పించారు. సొంత ఖర్చుతో రాతి అచ్చు ప్రెస్ పెట్టించారు. యంత్రాలు, ఖగోళం, నీరు, గాలి, వెలుగు, విద్యుత్తు, ఈ ఆరు విషయాల మీద వచ్చిన పుస్తకమే సిత్తా-ఎ-షంసియా. మదర్సా ఫఖ్రియా కూడా ఆయన నడిపించిందే. ఉర్దూలో పై చదువులు చెప్పిన ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది 1918లో. దానికి సుమారు 80 ఏళ్ల ముందే ఈ పని మొదలైంది.

1849లో కొన్ని నెలలు దీవాన్‌గా చేశారు. అప్పటికే ఖజానా అప్పుల్లో మునిగి ఉంది. కంపెనీకి కట్టాల్సిన ఫౌజు బాకీ పెరుగుతూనే పోయింది. చివరికి 1853లో బేరార్ కంపెనీ చేతికి పోయింది. 1863లో ఆయన ఇంతెకాల్ అయ్యారు.

కొడుకులు రఫీయుద్దీన్ ఖాన్, రషీదుద్దీన్ ఖాన్ ఇద్దరూ చిన్న వయసు నిజాం మహబూబ్ అలీ ఖాన్ తరఫున సాలార్ జంగ్‌తో కలిసి పాలన చూశారు. మనవళ్లు ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా ప్రధానులయ్యారు. ఒకరి పేరు బషీర్‌బాగ్‌లో మిగిలింది, ఇంకొకరు ఫలక్‌నుమా కట్టారు. మహళ్లు కట్టిన మనవళ్లు ఊరందరికీ గుర్తున్నారు, పుస్తకాలు వేయించిన తాత మాత్రం మరుగున పడ్డారు.

ఆ సమాధులకు మరమ్మతులు చేపట్టారు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి ఫాతిహా చదివి, ఈ తాత కథ కూడా చెప్పండి. గోడలు బాగవుతాయి, ఆ జ్ఞాపకాన్ని బాగు చేసుకోవాల్సింది మన ఇళ్లే.