శ్రీ వి.వి. గిరి గారు – పని పోయినవాడి హక్కు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను శ్రీ వరాహగిరి వేంకటగిరి గారిని ఎంచుకున్నాను. రాష్ట్రపతిగా ఆయన అందరికీ తెలుసు. ఏలూరు మొదలు శ్రీకాకుళం దాకా ఆయన ఫోటో లేని పాఠశాల ఒకప్పుడు ఉండేది కాదు. అయితే పని పోయిన కార్మికునికి నష్టపరిహారం ఇచ్చి తీరాలని మన దేశంలో మొదటిసారి చట్టం వచ్చిన రోజున కేంద్ర కార్మిక మంత్రి ఆయనేనన్న సంగతి మనలో చాలామందికి గుర్తుండదు. ప్రతినెలా ఒకటో తారీఖున పింఛను అందుకునే మనకు ఆ సంగతి విలువ తెలియాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అది ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న ప్లీడరు. కొడుకు కూడా ప్లీడరు కావాలనే ఉద్దేశంతో 1913లో ఐర్లండులోని డబ్లిన్‌కు పంపారు. అదే ఏడాది డబ్లిన్‌లో యజమానులు యూనియన్‌లో చేరిన కార్మికులను వేల సంఖ్యలో పనిలోంచి గెంటివేశారు. ఆ గొడవ 1914 మొదటి వరకూ సాగింది. పని పోతే సంసారాలు ఎలా వీధిన పడతాయో లోకమంతా చూసిన సందర్భమది. చదువుకుంటూనే గిరి గారు అక్కడి స్వాతంత్ర్యవాదులతో కలిసిమెలిసి తిరిగారు. 1916 ఈస్టరు తిరుగుబాటు తర్వాత ప్రభుత్వం అనుమానించి ఆయనను దేశం విడిచి పొమ్మంది. లా చదువు పూర్తిచేసుకుని బరంపురం తిరిగి వచ్చారు.

ప్రాక్టీసు బాగానే సాగేది. కానీ గాంధీగారి సహాయనిరాకరణ పిలుపుతో కోర్టు వదిలి, కొద్దికాలంలోనే రైల్వే కార్మికుల పనిలో పడ్డారు. ఇక్కడ మన జిల్లా వారికి ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో మన ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లు మద్రాస్ అండ్ సదరన్ మహరాట్టా రైల్వే కింద ఉండేవి. వాల్తేరు దాటి ఉత్తరానికి వెళితే బెంగాల్ నాగపూర్ రైల్వే. విజయనగరం, బరంపురం, ఖరగ్‌పూర్ ఆ లైను మీదివే. దాని వర్క్‌షాపులు ఖరగ్‌పూర్‌లో ఉండేవి. అక్కడ తెలుగు కార్మికులు చాలామంది.

1927-28 ప్రాంతంలో ఆ రైల్వే వారు ఖర్చు తగ్గించుకోవాలని ఖరగ్‌పూర్ వర్క్‌షాపు మనుషులను తీసివేయడం మొదలుపెట్టారు. తీసివేసినవాడికి ఇవ్వవలసింది ఏమిటో చెప్పే చట్టం అప్పటికి లేదు. అక్కడ జరిగిన సమ్మెకు గిరి గారు నాయకుడిగా నిలిచారు. ఎక్కడా దౌర్జన్యం జరగకుండా నడిపారు. చివరికి కంపెనీ, ప్రభుత్వం దిగివచ్చి కోర్కెలు ఒప్పుకోవలసివచ్చింది. 1926లో ఆయన అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సభకు మన దేశపు కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. జబ్బుపడిన కార్మికుల బీమా గురించి ఒడంబడికలు చేసినది ఆ ఏటి సభలోనే. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికీ కార్మికుల తరఫున హాజరయ్యారు.

1937 ఎన్నికల్లో గిరి గారు బొబ్బిలి రాజావారి మీద ఆయన సొంత గడ్డ మీదే పోటీ చేసి గెలిచారు. అప్పటికి రాజావారు జస్టిస్ పార్టీ నాయకులు, మద్రాసు ప్రధానమంత్రిగా చేసినవారు. తర్వాత రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు గిరి గారికి వచ్చాయి. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక మంత్రి. స్వాతంత్ర్యం వచ్చాక సింహళంలో మన హైకమిషనరు. 1952లో పాతపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పనిలో దెబ్బ తగిలినవాడికి పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లోనే వచ్చింది, 1924 జూలై 1 నుంచి అమలైంది. అందులో ఒక మంచి ఏర్పాటు ఉంది. కార్మికుడు చనిపోతే యజమాని ఆ డబ్బు కమిషనరు దగ్గర జమకట్టాలి. కుటుంబం చేతిలో ఎంతో కొంత పెట్టి వేలిముద్ర వేయించుకుంటే చెల్లదు. అంటే చెయ్యి పోయినవాడికి 1924 నుంచి దారి ఉంది. పని పోయినవాడికి మాత్రం మరో ముప్పై ఏళ్ల దాకా ఏ దారీ లేదు.

1953లో బట్టల మిల్లుల్లో అమ్ముడుపోని సరుకు పేరుకుపోయింది. మిల్లులు పని ఆపేస్తాయనీ, వేలమంది ఇంటికి పోవలసివస్తుందనీ భయం పట్టుకుంది. యజమానులు, కార్మికులు, ప్రభుత్వం కలిసి కూర్చుని మాట్లాడుకోవాలన్నది గిరి గారి పద్ధతి. అలా మాట్లాడిన మీదట 1953 అక్టోబరు 24న ఆర్డినెన్సు వచ్చింది. ఆ నెల ఒకటో తారీఖునే మన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సంబరంలో ఢిల్లీలో వచ్చిన ఈ ఆర్డినెన్సు సంగతి మనవాళ్లలో ఎంతమందికి చేరిందో! తర్వాత అది పార్లమెంటులో చట్టమై పారిశ్రామిక వివాదాల చట్టంలో చేరింది.

అందులో ఏముందో గుమాస్తా భాషలో చెబుతాను. సరుకు లేకనో, కరెంటు లేకనో, యంత్రం చెడిపోయో పని ఆపితే దాన్ని లే-ఆఫ్ అన్నారు. ఏడాది సర్వీసు ఉండి, మస్టరు రోలులో పేరున్న కార్మికునికి లే-ఆఫ్ రోజులకు మూలవేతనం, కరువుభత్యం కలిపి అందులో సగం ఇవ్వాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు కిందే లెక్క. అయితే లే-ఆఫ్ రోజుల్లో కార్మికుడు రోజుకొకసారి వచ్చి హాజరు చెప్పుకోవాలి. రాకపోతే ఆ రోజు డబ్బు పోయినట్టే. ఇక పూర్తిగా తీసివేస్తే దానికి రిట్రెంచ్‌మెంట్ అని పేరు. ఒక నెల నోటీసు గానీ, నెల జీతం గానీ ఇవ్వాలి. పైగా చేసిన ప్రతి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం కట్టాలి. ఆఖరున చేరినవాణ్ణి ముందు తీయాలి. మళ్లీ మనుషులు కావలసివస్తే తీసివేసినవారినే ముందు పిలవాలి. ఇవేవీ యజమాని దయ మీద ఆధారపడినవి కావు.

చట్టం కాగితం మీద ఒకలాగా, మనిషి ఇంట్లో ఒకలాగా ఉంటుందన్నది మనందరి అనుభవమే. నేను ఏలూరులో పనిచేసే రోజుల్లో మా వీధి చివర ఒక మిల్లు కార్మికుడు కాపురముండేవాడు. పదకొండేళ్ల సర్వీసు. ఒకనాడు రేపటినుంచి రావద్దన్నారు. తనతోపాటు తీసేసిన ఇంకొకతన్ని వెంటబెట్టుకుని, గుమస్తాగారూ ఒక అర్జీ రాసిపెట్టండని నా దగ్గరకు వచ్చాడు. వీళ్లు మా రోలులో వాళ్లు కాదు, బదిలీ కూలీలని యాజమాన్యం వారి వాదన. మొదటివాని భార్య చదువుకున్న మనిషి కాదు. అయినా జీతం చీటీలు, ఈ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. చీటీలు అన్నీ రేకు పెట్టెలో బట్టల అడుగున దాచింది. వాటిని ఏడాదివారీగా పేర్చి, పదకొండేళ్లకు పదిహేను రోజుల చొప్పున నూట అరవై అయిదు రోజులు, పైన నోటీసు నెల అని లెక్కకట్టి అర్జీ రాశాను. లేబరు ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాక డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేశాడు. రెండో అతను మేస్త్రీ ద్వారా చేరినవాడు. చీటీ లేదు, కార్డు లేదు, మస్టరులో పేరు లేదు. ఒకే షెడ్డులో ఒకే పని చేసిన మనిషి వట్టి చేతులతో వెళ్లిపోయాడు. చట్టం ఇద్దరికీ ఒక్కటే. తేడా రేకు పెట్టెలో ఉంది.

గిరి గారి కథ ఇక్కడితో ఆగలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. కార్మిక మంత్రిగా ఉంటూ ఆ మార్పును సమర్థించడం ఆయన మనసు ఒప్పలేదు. మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత గజేంద్రగడ్కర్ గారి కమిషను ఆ విషయం విచారించింది. 1955లో దాని సిఫారసుల మీద చట్టం వచ్చింది. తనకు ఏ సంబంధమూ లేని బ్యాంకు గుమాస్తాల జీతం రాళ్ల కోసం కుర్చీ వదులుకున్న మంత్రిని గుమాస్తాలమైన మనం గుర్తుంచుకోవాలి.

1957 ఎన్నికల్లో ఓడిపోయారు. తర్వాత వరుసగా ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969 మే నెలలో జాకీర్ హుస్సేన్ గారు కాలధర్మం చెందడంతో తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆ పదవి వదిలి స్వతంత్ర అభ్యర్థిగా ఎన్నికలో నిలబడ్డారు. ఎదురు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. ఇద్దరూ తెలుగువారే. అప్పుడు నేను కాలేజీ కుర్రవాణ్ణి. ఓట్ల లెక్కింపు రోజున రేడియో ఉన్న ప్రతి హోటలు దగ్గరా జనం గుమిగూడారు. రెండో ప్రాధాన్యపు ఓట్లు లెక్కపెట్టాక గానీ గిరి గారి గెలుపు తేలలేదు. రాష్ట్రపతిగా ఉండగా కూడా ఆయన ధ్యాస నిరుద్యోగం మీదే. 1970లో జాబ్స్ ఫర్ అవర్ మిలియన్స్ అనే పుస్తకం రాశారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఆయన కాలంలో వచ్చిన చట్టం అందరినీ ఆదుకున్నదా అంటే లేదనే చెప్పాలి. యాభై మందికి తక్కువ ఉన్నచోట లే-ఆఫ్ పరిహారం లేదు. సీజనులో మాత్రమే నడిచే పరిశ్రమలకూ లేదు. ఇంట్లో మగ్గం పెట్టుకుని నేసే ఏలూరు తివాచీ పనివారు ఏ మస్టరులోకీ ఎక్కరు. తాడేపల్లిగూడెం వైపు చిన్న మిల్లుల్లో బస్తాల లెక్కన మోసే హమాలీలదీ అదే గతి. కొల్లేరు సంగతి మరీ కష్టం. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని పరిధిలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలంటే అది అవసరమని కోర్టు దాకా తేలిన విషయం. దాని మీద నాకు తగువు లేదు. కానీ ఆ చెరువుల మీద కాపలా కాసినవాళ్లు, మేత వేసినవాళ్లు, వల లాగినవాళ్లు ఒక్కసారిగా పని పోయి నిలబడ్డారు. పదిహేనేళ్లు అక్కడే చేశానంటే ఏ పుస్తకంలో చూపించగలరు? వారికి లే-ఆఫ్ లేదు, నోటీసు లేదు, పదిహేను రోజుల లెక్కా లేదు.

తర్వాతి కాలంలో కొన్ని మార్పులు వచ్చాయి. ఈ.ఎస్.ఐ. కట్టిన కార్మికునికి పని పోతే కొంతకాలం భృతి ఇచ్చే పథకాలు 2005లో ఒకటి, 2018లో ఒకటి వచ్చాయి. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేయడానికి 2021లో ఈ-శ్రమ్ మొదలైంది. 2025 నవంబరు 21న నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. వాటిలో కొన్ని అంశాలు కార్మికులకు నచ్చాయి, కొన్ని నచ్చలేదు. అయితే లే-ఆఫ్‌కు సగం జీతం, తీసివేతకు ఏడాదికి పదిహేను రోజులు అన్న 1953 నాటి లెక్కలు వాటిలోనూ నిలిచాయి.

మిత్రులారా, మన పిల్లలూ మనవలూ ఇప్పుడు ప్రైవేటు కంపెనీల్లోనే ఎక్కువగా ఉన్నారు. రొయ్యల ప్లాంట్లలో, మిల్లుల్లో, దుకాణాల్లో పనిచేసే ఇరుగుపొరుగువారు మనకు తెలుసు. అర్జీ రాయడం, కాగితం భద్రపరచడం మనకు వచ్చిన విద్య. నియామకపు కాగితం, జీతం చీటీ, ఈ.ఎస్.ఐ. నంబరు, పి.ఎఫ్. నంబరు దాచుకోమని వారికి చెబుదాం. పనిలో దెబ్బ తగిలితే ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేసి, ఒక కాపీ మీద సంతకం తీసుకోమని చెబుదాం. అవసరమైతే మనమే కూర్చుని రాసిపెడదాం. గిరి గారి వంటి పెద్దలు కష్టపడి సంపాదించి పెట్టిన హక్కు, కాగితం లేక ఎవరి చేయీ జారిపోకూడదు.

సెలవు.