తెరమీది సామాన్యుడు – జేమ్స్ స్టీవర్ట్

చలనచిత్ర కథానాయకుడు అనగానే సుందరమైన రూపం, గంభీరమైన కంఠం, శత్రువులను ఓడించే భుజబలం మన మనస్సులో మెదలుతాయి. ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో అమెరికా చిత్రసీమ అయిన హాలీవుడ్ ఇటువంటి నాయకులను ఎందరినో లోకానికి అందించింది. వారి నడుమ బక్కపలచని దేహంతో, మాటమాటకూ తడబడుతూ, పొరుగింటి యువకునివలె కనిపించి జనహృదయాలను గెలుచుకొన్న నటుడు జేమ్స్ స్టీవర్ట్. ఆయన దాదాపు ఎనభై చిత్రాలలో నటించాడు. అయితే ఆయన నటజీవితం ఒకే ధారగా సాగలేదు. రెండవ ప్రపంచయుద్ధం దానిని రెండు భాగాలుగా విడదీసింది. యుద్ధానికి ముందు నవ్వించి మెప్పించిన నటుడే, యుద్ధం తరువాత మానవ హృదయంలోని చీకటిని కూడా చూపగలిగాడు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇండియానా అనే చిన్న పట్టణం ఉంది. 1908 మే 20వ తేదీన స్టీవర్ట్ అక్కడ జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ ఆ ఊరిలో ఇనుపసామాన్ల దుకాణం నడిపేవాడు. తల్లి ఎలిజబెత్ పియానో చక్కగా వాయించేది. ఆమెవల్ల పిల్లలకు సంగీతంపై అభిరుచి కలిగింది. స్టీవర్ట్ అకార్డియన్ వాయించడం నేర్చుకొన్నాడు. బాల్యంలో ఆయనకు విమానాలంటే మిక్కిలి మక్కువ. వాటి నమూనాలు తయారుచేస్తూ గంటల తరబడి కాలం గడిపేవాడు. ఆ కుటుంబంలో దేశసేవ తరతరాలుగా వస్తున్న సంప్రదాయం. తాతలు అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్నారు. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేశాడు. దైవభక్తి, కష్టపడి పనిచేయడం, గొప్పలు చెప్పుకోకపోవడం ఆ ఇంటి నడవడిలో భాగాలు.

స్టీవర్ట్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పశాస్త్రం అభ్యసించి 1932లో పట్టభద్రుడయ్యాడు. అది అమెరికాను ఆర్థికమాంద్యం కుదిపివేస్తున్న కాలం. కొత్త భవనాలు కట్టించేవారే కరవయ్యారు. ఆ సమయంలో మిత్రుడు జాషువా లోగన్ ఆయనను మసాచుసెట్స్‌లోని ఒక వేసవి నాటకసమాజంలోకి ఆహ్వానించాడు. కాలక్షేపంగా మొదలైన ఆ పనే ఆయనకు జీవితమార్గమైంది. ఆ నాటకసమాజంతో సంబంధమున్న హెన్రీ ఫోండా ఆయనకు ఆప్తమిత్రుడయ్యాడు. న్యూయార్క్‌లో నాటకాలలో వేషాలకోసం తిరుగుతూ ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. రాజకీయాలలో వారి అభిప్రాయాలు పూర్తిగా భిన్నమైనవి. అందువల్ల వారు ఆ ప్రస్తావన తేకుండా స్నేహాన్ని కాపాడుకొన్నారు. 1982లో ఫోండా మరణించేవరకు ఆ మైత్రి చెక్కుచెదరలేదు.

1935లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ స్టీవర్ట్‌తో ఒప్పందం కుదుర్చుకొంది. ఆ రోజులలో హాలీవుడ్ నటులు చిత్రనిర్మాణ సంస్థలకు జీతగాళ్లవంటివారు. ఏ చిత్రంలో ఏ పాత్ర ధరించాలో నిర్ణయించేది సంస్థే. అవసరమైతే తన నటులను ఇతర సంస్థలకు అరువు ఇచ్చేది. సన్నగా, చాలా పొడవుగా ఉన్న ఈ యువకునికి ఎటువంటి పాత్రలు ఇవ్వాలో మొదట ఆ సంస్థకు తోచలేదు. చిన్న పాత్రలతోనే కొంతకాలం గడిచింది. ఆయనలోని ప్రత్యేకతను స్పష్టంగా గుర్తించినవాడు కొలంబియా సంస్థలో పనిచేస్తున్న దర్శకుడు ఫ్రాంక్ కాప్రా. నిజాయితీకి రూపం కట్టినట్లుండే ముఖం, కల్లాకపటం తెలియని చూపు ఆయనను ఆకర్షించాయి. వారి కలయికలో వచ్చిన తొలి చిత్రం 'యూ కాంట్ టేక్ ఇట్ విత్ యూ' 1938 సంవత్సరానికి ఉత్తమచిత్రంగా ఆస్కార్ బహుమతి పొందింది.

మరుసటి ఏడాది వచ్చిన 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్' స్టీవర్ట్‌ను అగ్రశ్రేణి నటునిగా నిలబెట్టింది. లోకజ్ఞానం అంతగా లేని ఒక యువకుడు అనుకోకుండా సెనేట్ సభ్యుడవుతాడు. అక్కడి అవినీతిని చూసి నివ్వెరపోతాడు. సెనేట్ నియమాల ప్రకారం మాట్లాడే అవకాశం పొందిన సభ్యుడు నిలబడి ప్రసంగిస్తున్నంతకాలం ఇతరులు దానిని ఆపలేరు. ఆ నియమాన్నే ఆయుధంగా చేసుకొని, ఆ యువకుడు దాదాపు ఒక పగలు, ఒక రాత్రి ఒంటరిగా ప్రసంగిస్తాడు. చివరికి గొంతు బొంగురుపోయి కుప్పకూలుతాడు. ఆ దృశ్యంలో కంఠం సహజంగా వినిపించడానికి స్టీవర్ట్ ఒక వైద్యునిచేత గొంతులో పాదరసం కలిసిన మందు వేయించుకొన్నాడు. ఈ చిత్రాన్ని చూసి వాషింగ్టన్‌లోని కొందరు సెనేట్ సభ్యులు ఆగ్రహించారు. సామాన్య ప్రేక్షకులు మాత్రం ఆ యువకునిలో తమనే చూసుకొన్నారు.

1940లో వచ్చిన 'ది ఫిలడెల్ఫియా స్టోరీ' చిత్రంలోని పాత్రికేయుని పాత్రకు ఆయనకు ఉత్తమనటునిగా ఆస్కార్ బహుమతి లభించింది. ఆ ప్రతిమను ఆయన తన ఇంట ఉంచుకోలేదు. తండ్రి కోరికపై ఇండియానా పట్టణానికి పంపాడు. హాలీవుడ్ అత్యున్నత పురస్కారం ఇనుపసామాన్ల దుకాణంలో కొలువుతీరింది. మేకులు, సుత్తులు కొనడానికి వచ్చే ఊరివారు చాలా ఏళ్లపాటు దానిని చూసి సంతోషించారు.

ఇలా కీర్తి శిఖరాన్ని చేరిన సమయంలోనే స్టీవర్ట్ జీవితం మలుపు తిరిగింది. ఐరోపాలో యుద్ధం సాగుతూ ఉంది. అమెరికా ఇంకా అందులో ప్రవేశించలేదు. 1940లో సైనికసేవకు పిలుపు రాగా, ఉండవలసినదానికంటే బరువు తక్కువని వైద్యపరీక్షలో ఆయనను తిరస్కరించారు. మరొకరైతే దానిని అదృష్టంగా భావించి తిరిగి నటనలో మునిగిపోయేవారు. స్టీవర్ట్ అలా చేయలేదు. పట్టుదలతో బరువు పెంచుకొని మళ్లీ పరీక్షకు వెళ్లాడు. 1941 మార్చి 22న సాధారణ సైనికునిగా సైన్యంలో చేరాడు. అప్పటికి అమెరికా యుద్ధంలో ప్రవేశించడానికి ఇంకా ఎనిమిది నెలలకు పైగా వ్యవధి ఉంది. వేలాది డాలర్ల సంపాదనను విడిచి ఆయన కోరుకొన్నది నెలకు 21 డాలర్ల జీతమున్న కొలువు.

అంతకుముందే ఆయనకు విమానం నడిపే అర్హతపత్రం ఉంది. అందువల్ల త్వరలోనే అధికారి అయి, ఇతరులకు బాంబర్ విమానాలు నడపడంలో శిక్షణ ఇచ్చే బాధ్యత స్వీకరించాడు. ప్రఖ్యాత నటుడు కావడంచేత పై అధికారులు తనను ప్రమాదానికి దూరంగా, స్వదేశంలోనే ఉంచుతారేమోనని ఆయన కలత చెందాడు. యుద్ధరంగానికి పంపమని పదేపదే కోరాడు. చివరకు 1943 నవంబరులో బి-24 విమానదళానికి నాయకునిగా ఇంగ్లండ్‌లోని టిబెన్‌హామ్ స్థావరం చేరాడు. అక్కడినుండి జర్మనీ ఆక్రమణలోని ప్రాంతాలపై జరిగిన 20 దాడులలో పాల్గొన్నాడు. ఉదయం వెంట బయలుదేరిన సహచరులు సాయంకాలానికి తిరిగి రాకపోవడం ఆయన ఎన్నోసార్లు చూశాడు. తన ఆజ్ఞపై ఎగిరిన యువకుల ప్రాణాలకు తానే బాధ్యుడననే భారం ఆయన మనస్సుపై పడింది. అమెరికా ప్రభుత్వం ఆయనకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకాన్ని రెండుసార్లు ప్రదానం చేసింది. ఫ్రాన్స్ దేశం కూడా పతకంతో గౌరవించింది. సాధారణ సైనికునిగా చేరిన ఆయన నాలుగేళ్లలో కర్నల్ అయ్యాడు.

1945లో తిరిగివచ్చిన స్టీవర్ట్ వెనుకటి యువకుడు కాడు. జుట్టు నెరిసింది. ముఖంలో పసితనం మాయమైంది. యుద్ధంలో అంతటి మృత్యువును చూసిన తరువాత వేషం వేసుకొని నటించడం అర్థమున్న పనేనా అనే సంశయం ఆయనను వేధించింది. పాత సంస్థతో ఒప్పందాన్ని కొనసాగించలేదు. తన యుద్ధసేవను చిత్రాల ప్రచారానికి వాడుకోవడానికి కూడా సమ్మతించలేదు. ఆ స్థితిలో కాప్రా 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' అనే చిత్రకథతో ఆయన దగ్గరకు వచ్చాడు.

ఆ కథానాయకుడు జార్జి బెయిలీ. లోకమంతా చుట్టి రావాలనీ, గొప్ప కట్టడాలు నిర్మించాలనీ అతని కోరిక. కాని తండ్రి స్థాపించిన గృహనిర్మాణ రుణసంఘాన్ని నిలబెట్టడానికి ఆ కోరికలన్నీ చంపుకొని ఊరిలోనే ఉండిపోతాడు. తన తప్పు లేకుండానే నింద మీద పడే పరిస్థితి రాగా, క్రిస్మస్‌కు ముందురోజు రాత్రి ప్రాణం తీసుకోవడానికి సిద్ధపడతాడు. అప్పుడు ఒక దేవదూత వచ్చి, అతడు పుట్టకపోయి ఉంటే ఆ ఊరు ఎలా ఉండేదో చూపిస్తాడు. తాను వ్యర్థమని భావించిన జీవితం ఎందరికి ఆధారమైందో జార్జి గ్రహిస్తాడు.

ఈ చిత్రంలోని మంచు దృశ్యాలను 1946 మండువేసవిలో కృత్రిమమైన మంచు కురిపించి చిత్రీకరించారు. నిరాశలో మునిగిన జార్జి ఒక మధుశాలలో కూర్చొని భగవంతుని ప్రార్థించే దృశ్యం ప్రధానమైనది. ఆ మాటలు పలుకుతూ ఉండగా స్టీవర్ట్‌కు నిజంగానే దుఃఖం పొంగివచ్చింది. కెమెరా కొంత దూరంలో ఉంది. అదే భావాన్ని మళ్లీ రప్పించడం సాధ్యం కాదని గ్రహించిన కాప్రా, ప్రయోగశాలలో ఆ చిత్రభాగాన్నే పెద్దదిచేసి ముఖం దగ్గరగా కనిపించేటట్లు చేయించాడు. యుద్ధం మిగిల్చిన వేదనకు ఆ పాత్రలో ఒక దారి దొరికిందని చెప్పవచ్చు. నటనకు అర్థమున్నదా అనే ఆయన సంశయానికి ఆ దృశ్యమే సమాధానం.

అయినా ఆనాడు ఆ చిత్రం ఆశించినంత ధనం తేలేదు. ఆస్కార్ బహుమతులలోనూ నిరాశే మిగిలింది. దానిని నిర్మించిన సంస్థ కొద్దికాలానికే ఇతరుల చేతిలోకి వెళ్లిపోయింది. 1974లో హక్కులను సకాలంలో పునరుద్ధరించకపోవడంవల్ల టెలివిజన్ కేంద్రాలు ఆ చిత్రాన్ని ప్రతి క్రిస్మస్‌కూ ప్రసారం చేయసాగాయి. ఆ విధంగా ఒకనాడు ఓడిపోయిన చిత్రం అమెరికన్ల ఇళ్లలో పండుగలో భాగమైంది.

1950 నుండి స్టీవర్ట్ నటనలో నూతన అధ్యాయం ఆరంభమైంది. దర్శకుడు ఆంథొనీ మాన్‌తో కలిసి ఆయన ఎనిమిది చిత్రాలు చేశాడు. వాటిలో మొదటిదైన 'వించెస్టర్ 73' లో, పగతో రగిలిపోయే గుర్రపురౌతుగా కనిపించి ప్రేక్షకులను ఆశ్చర్యపరిచాడు. ఈ చిత్రానికి నిర్ణీత పారితోషికానికి బదులు లాభాలలో వాటా తీసుకొన్నాడు. అది ఆయనకు ఎంతో ధనాన్ని తెచ్చిపెట్టింది. నటులు జీతగాళ్లుగా ఉండే పద్ధతి మారి, భాగస్వాములుగా ఎదగడానికి ఈ ఒప్పందం దారి చూపింది.

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో ఆయన నాలుగు చిత్రాలలో నటించాడు. 1954 నాటి 'రియర్ విండో' లో కాలు విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన ఛాయాగ్రాహకుడు ఆయన. కదలిక లేని ఆ పాత్రను ప్రధానంగా కనుచూపులతోనే పోషించాడు. 1958 నాటి 'వెర్టిగో' లో ఎత్తయిన ప్రదేశాలంటే భయపడే మాజీ పోలీసు అధికారిగా, మోహావేశంలో వివేకం కోల్పోయే మనిషిగా నటించాడు. ఆ చిత్రం విడుదలైనప్పుడు అంతంతమాత్రంగానే ఆదరణ పొందింది. కాని 2012లో బ్రిటన్‌కు చెందిన 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల అభిప్రాయాలు సేకరించగా, సర్వకాలాలకూ ఉత్తమచిత్రంగా అది ప్రథమస్థానంలో నిలిచింది. 1959లో 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' లోని న్యాయవాది పాత్రకు ఆయన పేరు మరొకసారి ఆస్కార్ పరిశీలనకు వెళ్లింది.

స్టీవర్ట్ 1949లో గ్లోరియాను వివాహమాడాడు. ఆమెకు పూర్వవివాహంవల్ల కలిగిన ఇద్దరు కుమారులను తన బిడ్డలుగా స్వీకరించాడు. 1951లో కవలలైన ఆడపిల్లలు జన్మించారు. చిత్రసీమలో ఆయనకు మరొక ఆప్తమిత్రుడు ఉండేవాడు. అది 'పై' అనే పేరుగల గుర్రం. సుమారు ఇరవై ఏళ్లపాటు తన కౌబాయ్ చిత్రాలలో ఆయన దానినే స్వారీ చేశాడు. వయస్సు పైబడిన ఆ గుర్రం బొమ్మను ఫోండా స్వయంగా చిత్రించి మిత్రునికి కానుకగా ఇచ్చాడు.

సైన్యంతో స్టీవర్ట్ అనుబంధం యుద్ధంతో ముగియలేదు. 1959లో ఆయన రిజర్వు దళంలో బ్రిగేడియర్ జనరల్ హోదా పొందాడు. ఆ కుటుంబ సంప్రదాయం ఆయననుండి ఒక గొప్ప త్యాగాన్ని కోరింది. 1969 జూన్‌లో పెద్దకుమారుడు రోనాల్డ్ వియత్నాం యుద్ధంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 24 సంవత్సరాలు. తన ఆజ్ఞపై వెళ్లి తిరిగిరాని యువకులను ఎరిగిన సేనాని, ఈసారి కొడుకును పోగొట్టుకొన్న తండ్రి అయ్యాడు. ఆ దుఃఖాన్ని గుండెలో దాచుకొని, 1970లో న్యూయార్క్ రంగస్థలంపై 'హార్వే' నాటకంలో హాస్యపాత్ర ధరించి ప్రేక్షకులను నవ్వించాడు.

1985లో జీవితకాల కృషికి గౌరవ ఆస్కార్‌ను, అదే సంవత్సరం అమెరికా అత్యున్నత పౌరపురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్‌ను ఆయన అందుకొన్నాడు. 1994లో గ్లోరియా మరణించిన తరువాత ఆయన లోకానికి దూరంగా ఇంటికే పరిమితమయ్యాడు. 1997 జూలై 2న తన 89వ ఏట బెవర్లీ హిల్స్‌లో కన్నుమూశాడు. జన్మస్థలమైన ఇండియానాలో 1995లోనే ఆయన పేరిట ఒక ప్రదర్శనశాల వెలసింది.

స్టీవర్ట్ కీర్తిని అడ్డుపెట్టుకొని కర్తవ్యంనుండి తప్పుకోలేదు. కర్తవ్యం నెరవేర్చిన తరువాత దానిని కీర్తికి పెట్టుబడిగా వాడుకోలేదు. తాను పొందిన గాయాలను మాటలలో చెప్పక, పాత్రలలో నింపాడు. తెరపై ఆయన పలికిన మాటలను జనం నమ్మడానికి కారణం అదే. ఊరు దాటి వెళ్లలేని జార్జి బెయిలీ తన జీవితం విలువను చివరికి గుర్తించినట్లే, ఆనాడు ఆదరణకు నోచుకోని ఆయన చిత్రాల విలువను లోకం ఆలస్యంగా గుర్తించింది. చిత్తశుద్ధితో చేసిన పని వెంటనే ఫలించకపోయినా వ్యర్థం కాదనడానికి ఆయన జీవితమే నిదర్శనం.